వైసులో బిగించిన ఫోను

పైపుల సారుకి కోపం ముక్కు మీద ఉండదు, మెడ మీద ఉంటుంది. ముందు మెడ ఎర్రబడుతుంది, తర్వాత చెవులు, ఆ తర్వాత చేతిలో ఏ పనిముట్టుంటే అది బల్ల మీద ఠంగుమంటుంది. చేతిపనులు నేర్పే ఆ బడిలో ఇరవై రెండేళ్లుగా కుళాయిలూ పైపులూ ఆయనవే. బల్ల మీద సొట్టలూ ఆయనవే.

ఆయన్ని అంతగా మండించేది ఒక్కటే. పిల్లలు పని బ్రహ్మాండంగా చేస్తారు. నోటి పరీక్షలో మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడతారు.

సరే, మాట్లాడటం రావాలంటే ఎవరి మాట వాళ్లు వినాలని, పోయినేడు అందరిచేతా ఫోన్లో వీడియోలు తీయించాడు. గోడకి ఆనుకుని నిలబడటం, "నేను..." అనడం, ఆగిపోవడం. ఒకడైతే చేతులు జేబులో పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం.

"ఏరా, జేబులో ఎలక దూరిందా? పోయి ఆ కుళాయి విప్పు పో!" అని కసిరాడు సారు.

వాడు పోయి విప్పాడు. ఫోను ఆపడం మాత్రం అందరూ మర్చిపోయారు. మధ్యాహ్నం సారు చూసుకుంటే ఏముంది, స్పానరు చేతిలో పడగానే వాడి నోరు వాగులా పారుతోంది! వాషరు ఎందుకు అరిగిందో, పక్కవాడు ఎంత దద్దమ్మో, అన్నీ చెప్పేస్తున్నాడు.

ఆ రోజు నుంచి వర్క్‌షాపులో కొత్త పద్ధతి. పైపులు పట్టి ఉంచే ఇనప వైసులో, గుడ్డ చుట్టి ఫోను బిగిస్తారు. దాని ముందు చేత్తో పని చేస్తూ నోటితో ఆ పనే చెప్పాలి. రెండోసారి తీయడం లేదు. "తీసింది తీసినట్టే" అనేవాడు సారు. ఎవరి వీడియో వాళ్లే చూసుకోవాలి, ఇంకొకరికి చూపించకూడదు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉంది. ఏమడిగినా "ఊ" అంటుంది కాబట్టి అందరూ ఊ పిల్ల అంటారు. పైపు కోస్తే వెంట్రుకవాసి తేడా రాదు. నోటి పరీక్ష మాత్రం రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే, వాళ్లమ్మ నేల తుడిచే ఆసుపత్రిలో పైపుల పనికి దరఖాస్తు కూడా పెట్టుకోవడానికి ఉండదు. కారే పైపుల కింద వాళ్లమ్మ రోజూ తుడుస్తూనే ఉంది.

మొదటి రోజు వైసు ముందు ఊ పిల్ల "ఊ" అంది. రెండో రోజూ అంతే. పదో రోజు ఒక మొండి నట్టు తగిలింది. "దీన్ని బిగించినవాడెవడో గాని, పగబట్టి బిగించాడు!" అంది. సారు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక బయటికెళ్లి దగ్గి వచ్చాడు. ఆ తర్వాత నెలలో రోజుకి రెండు నిమిషాలు గడగడా మాట్లాడింది.

అప్పుడు దిగబడ్డాడండీ కోటు సారు.

పిల్లల్లో ఉత్సాహం నింపడానికి ఆఫీసువాళ్లు పిలిపించిన మనిషి. ఎండలో కూడా కోటు విప్పడు. అందర్నీ హాల్లో నిలబెట్టి, చేతులెత్తించి, "నేను పులిని అనండి!" అని అరిపించాడు. పైపులు నేర్చుకునేవాళ్లకి పులితో ఏం పనో ఆయనకే తెలియాలి. అరవనిది ఒక్క ఊ పిల్లే. స్టేజి ఎక్కించాడు. మైకు మూతి దగ్గర పెట్టాడు. ఆ పిల్ల చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి.

"నేను... నేను..."

"చూశారా! ఇదే భయం!" అని వేలు చూపించాడు కోటు సారు. ఆయన మనిషి అదంతా వీడియో తీసి, 'ముందు: వణికిపోతున్న విద్యార్థిని' అని బడి పేజీలో పెట్టేశాడు. 'తర్వాత' అనేది నోటి పరీక్ష అయ్యాక తీస్తారట.

ఊ పిల్ల బడికి రావడం మానేసింది. పైపుల సారు మెడ ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి. తిన్నగా బడి నడిపే పెద్దసారు గదిలోకి వెళ్లాడు.

"ముందు ఆ వీడియో తీసెయ్యండి."

"ఎందుకయ్యా? నాలుగు వేలమంది చూశారు."

"నాలుగు వేలమంది ముందు పిల్ల పరువు ఆరేశారు! ఆమెనొక మాట అడిగారా?"

"అందులో స్ఫూర్తి ఉందట. నీకు పైపులు తెలుసు, అది వదిలెయ్."

"పైపులు తెలుసనేగా, హాల్లో చేతులు కడుక్కునే కుళాయి కారుతోందని మూడు కాగితాలు పెట్టాను? ఆరు నెలలైంది. కుళాయిలు నేర్పే బడిలో కుళాయి కారుతోందండీ!"

"అది ఆఫీసు హాలు. ఆఫీసే బాగుచేయించాలి. నువ్వు చెయ్యి పెట్టకూడదు."

సారు ఆ సాయంత్రం ఊ పిల్ల ఇంటికెళ్లాడు. వాళ్లమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఇంక రాదు సార్. వార్డులో నలుగురూ ఫోను చూపించి 'అయ్యో' అన్నారు. తిట్టినా పడతాను గాని, ఆ అయ్యో పడలేను."

సారు తల దించుకున్నాడు. లోపల గోడ వైపు తిరిగి కూర్చున్న పిల్లతో, "పరీక్షకి రా తల్లీ. పోతే నన్ను తిట్టు. కనీసం దానికైనా నోరు విప్పుతావు," అన్నాడు.

"ఊ" అంది.

వచ్చింది. నోటి పరీక్ష ఆ ఆఫీసు హాల్లోనే, లోపలికి పనిముట్లు తేకూడదని రూలు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి, కళ్లజోడు మనిషి, అడిగాడు: "కుళాయి కారుతుంటే ముందేం చేస్తావమ్మా?"

తలుపు వెనక నుంచి సారు తొంగి చూస్తున్నాడు. ఖాళీ చేతులు చున్నీ అంచుని నలుపుతున్నాయి. హాల్లో ఒకటే చప్పుడు. టప్. టప్.

"ఏమిటా గోల?" అన్నాడు కళ్లజోడు మనిషి.

ఊ పిల్ల తల తిప్పి చూసింది. అడుగు ముందుకేసింది. "విప్పనా సార్?"

"పనిముట్లు?"

"పక్క గదిలో ఉన్నాయి."

ఆయన రూలు కాగితం తిరగేసి చూశాడు. "తేకూడదని ఉంది. తెప్పించకూడదని లేదు. తెప్పించు."

సారు లోపలికి దూకాడు, రెంచి చేతికిచ్చాడు. ఇంక చూడండి! "ముందు వెనకున్న వాల్వు కట్టేస్తా సార్, లేదంటే మనందరం తడుస్తాం. కాడ దగ్గర కారితే ఒక జబ్బు, మూతి దగ్గర కారితే ఇంకోటి. ఇది మూతి దగ్గర, అంటే వాషరు. ఇదిగో, ఎంత అరిగిందో చూడండి, ఆరు నెల్ల నుంచి దీన్ని పట్టించుకున్నవాడు లేడు..."

కళ్లజోడు మనిషి కుర్చీ అక్కడికే లాక్కెళ్లాడు. అడగాల్సినవన్నీ అక్కడే అడిగి, ఆ పిల్ల కొత్త వాషరు వేసి బిగించేసరికి పాస్ అని రాశాడు.

సంతకం తడి ఆరకముందే కోటు సారు కెమెరా మనిషితో ఊడిపడ్డాడు, వెనకాలే పెద్దసారు. "ఇదే మన 'తర్వాత'! అమ్మా, ఇటు చూసి చెప్పు. నా భయాన్ని సార్ పోగొట్టారు అని!"

పైపుల సారు మెడ ఎర్రబడింది. బేసిను మీదున్న రెంచి చేతిలోకి వచ్చేసింది.

"మీరుండండి సార్," అంది ఊ పిల్ల. కెమెరాకి ఎదురుగా నిలబడింది. "నాకు భయమని మీకెవరు చెప్పారు? వట్టి చేతుల్తో నిలబెట్టి పులిని అనమన్నారు. నేను పులిని కాదు, పైపులు బాగుచేసేదాన్ని. నేర్పింది ఈ సారు. మీరు చేసిందల్లా మా అమ్మకి పదిమంది 'అయ్యో'లు వినిపించడం. ఆ వీడియో నా ముందే తీసెయ్యండి. ఇప్పుడే."

కెమెరా మనిషి ఆపబోయాడు.

"ఆపకు. తీసింది తీసినట్టే పెట్టు."

కళ్లజోడు మనిషి కూడా పెద్దసారు వైపే చూస్తున్నాడు. పెద్దసారు ఫోను తీశాడు, ఆయన వేళ్లు మాత్రం బాగానే వణికాయి. వీడియో పోయిందాకా ఊ పిల్ల ఆ ఫోను మీంచి కళ్లు తిప్పలేదు.

రెంచి ఇంకా తన చేతిలోనే ఉందని పైపుల సారు అప్పుడు చూసుకున్నాడు. ఆ పిల్ల చేతుల్లో ఏమీ లేదు. గొంతు సవరించుకుని పెద్దసారు వైపు తిరిగాడు.

"కుళాయి కారడం ఆగిందండీ. దీనిక్కూడా కాగితం పెట్టాలా?"