నెలాఖరు తిరగవాత

మా మేడ మీది వాటాలో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి నిన్న మధ్యాహ్నం తిరగవాత వేసింది. కాగిన నూనెలో ఆవాలు చిటపటమనడం ముందు వినిపించింది. వెనకనే ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువ కలిసిన వాసన మెట్లు దిగి మా వంటింట్లోకి వచ్చింది. క్యాలెండరు వైపు చూశాను. నెలాఖరు. చేస్తున్న పని వదిలేసి, ఒక గిన్నెలో మా పప్పు పోసుకుని, మోకాళ్ల నొప్పి సంగతి తరవాత చూసుకుందామని మెట్లెక్కడం మొదలుపెట్టాను. "బయల్దేరింది మా అమ్మ, వాసన పట్టుకుని" అని వెనకనుంచి నా కూతురు నవ్వింది. నవ్వనీ. దానికి తిమ్మక్క తెలియదు. మీకూ తెలియదు కనక చెబుతాను.

నేను డోనుకు కాపురానికి వచ్చింది పందొమ్మిది వందల యాభైల్లో. మా ఆయన అక్కడి రైల్వే గూడ్సాఫీసులో గుమాస్తా. స్టేషను వెనక ఒకే వరసగా కట్టిన బాడుగ ఇళ్లలో ఒకటి మాది. ఒక గది, ఒక వంటిల్లు, వంటింట్లో ఎత్తుగా ఒక అటక. పత్తికొండ దగ్గర పల్లెలో మా అత్తగారిల్లు జనంతో కిటకిటలాడేది. పగటిపూట మొగుడితో మాట్లాడాలంటే ఏదో పని కల్పించుకోవాలి. డోనులో అలా కాదు. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరం గడప మీద కూర్చుని గూడ్సు బండ్లు చూసేవాళ్లం. ఏ పెట్టెలో ఏ ఊరి సరుకు పోతోందో ఆయన చెప్పేవాడు. ఆ ఊళ్లన్నీ చూసివచ్చినదానిలాగా నేను తలూపేదాన్ని. ఆ గడప అంటే నాకు ప్రాణం. అక్కడినుంచి నన్ను లేపేసే మాట వచ్చింది కాబట్టే తిమ్మక్క నా బతుకులోకి వచ్చింది.

తప్పంతా తిండిదే. నేను పుట్టింది నంద్యాల దగ్గర, కాలవ కింద వరి పండే ఊళ్లో. మా ఇంట్లో రెండు పూటలా వరి అన్నమే. జొన్నరొట్టె, సంగటి మెట్ట ఊళ్లవాళ్ల తిండి అనీ, గుమాస్తా పెళ్లాం రొట్టె తడితే ఆ చప్పుడు వీధంతా వినిపించి మొగుడి పరువు పోతుందనీ నా బుర్రలో గట్టిగా కూర్చుంది. ఆయన కూడా మెట్ట ఊరివాడే అయినా, ఆఫీసులో చేరాక రొట్టె మాట ఎత్తితే మొహం అదోలా పెట్టేవాడు. ఇంకేం, ఇద్దరికిద్దరం సరిపోయాం. మొదటి జీతం రాగానే సన్నబియ్యం, కందిపప్పు, నెయ్యి, బెల్లం తెచ్చి డబ్బాలు నింపుకున్నాం. ఆయన స్నేహితులను భోజనానికి పిలిచాం. పులిహోర ఒకసారి, పాయసం ఇంకోసారి. నెల ఇంకా మిగిలి ఉండగానే బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మామ వచ్చాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. ఆయన లోపలికి వచ్చేసరికి మేమిద్దరం కంచాల్లో బొరుగులు పోసుకుని, ఉల్లిగడ్డ నంజుకుని తింటున్నాం.

"ఏంరా, ఏ పండగ ఈ పొద్దు?" అన్నాడు కొడుకుతో. నేనే లేచి నిలబడ్డాను. ఆయన వంటింట్లోకి పోయి డబ్బాల మూతలు తీసి చూసి వచ్చాడు.

"నీ మీద కోపం లేదమ్మా. ఈడ ఇద్దరూ పస్తులుండేదేమిటికి? వాడు హోటల్లో తింటాడు. నువ్వు మా తాన ఉందువు. వాని జీతం పెరిగినాక చూద్దాం" అన్నాడు.

మా ఆయన బతిమాలాడు. "ఇంకొక్క నెల చూడు నాయనా" అన్నాడు.

"సరే. వచ్చే నెల కడాన వస్తా. పొయ్యి మండుతాంటే మంచిదే. లేకుంటే పాపను బండెక్కిస్తా" అని నా వైపు చూసి, మామ కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. అప్పుడు పక్కింటి గోడ అవతల నుంచి తిరగవాత వాసన వచ్చింది. పప్పు మీద వేసిన తిరగవాత, నేతిది. ఆ వరసలో అందరి వంటిళ్లూ చల్లబడిన నెలాఖర్లో ఆ ఒక్క ఇంట్లో నెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఏడుపూ ఆకలీ ఒకేసారి ముంచుకొచ్చాయి.

ఆ ఇల్లు తిమ్మక్కది. ఆమె మొగుడు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, జీతం మా ఆయన జీతం కన్నా తక్కువ. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. సొంత ఊరు కోసిగి పక్క పల్లె. ఎప్పుడూ బుగ్గన ఆకూవక్క, నోరు తెరిస్తే తిట్లు. ఆ తిట్లకు భయపడి వరసలో ఎవరూ ఆమె దగ్గర చింతపండు రెబ్బయినా అడిగేవాళ్లు కాదు. మర్నాడు పొద్దున్నే నేను ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను.

"నెలాఖర్లో నీకు నెయ్యి యాడిదక్కా?" అని అడిగాను.

"దొంగిలించి తెచ్చినానా ఏమి? మీరు ముందర తినేది నేను కడాన తింటా. అంతే కత" అంది. నాకు అర్థం కాలేదని చూసి, ఆకు నమలడం ఆపింది. "ఇను పాపా. జీతమొచ్చిన దినం ఇంట్లో అందరికీ సంతోషంగా ఉంటాది. ఆ దినం రొట్టె, శనక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టినా నవ్వుకుంటా తింటారు. నెల కడాన ఆ సంతోషం ఉండదు. అప్పుడు గూడా రొట్టే పెడితే కొట్లాటలే. అందుకని మంచి వంట కడాకి పెట్టుకోవాల."

నేను సంగతంతా చెప్పుకున్నాను. మామ పెట్టిన గడువు కూడా చెప్పాను. తిమ్మక్క ఓదార్చలేదు. "రొట్టె తట్టేది వచ్చునా?" అంది. రాదన్నాను. "నంద్యాల దొరసానమ్మకు యాడొస్తాదిలే" అని నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. నా మొదటి రొట్టె చేతుల్లోనే ముక్కలైపోయింది. ఆమె పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, చాలా రోజుల తరవాత.

జీతం వచ్చిన రోజు తిమ్మక్కే నాతో అంగడికి వచ్చింది. జొన్నలు, కొర్రలు, ఉలవలు, శనక్కాయలు ముందు కొనిపించింది. ఆ తరవాతే కొంచెం బియ్యం, కందిపప్పు, నెయ్యి, బెల్లం. ఇంటికి వచ్చి ఆ చివరివన్నీ ఒక పెద్ద డబ్బాలో సర్ది, మూతకు గుడ్డ కట్టి, మా అటక మీద పెట్టించింది. అటక ఎక్కడానికి ఇంట్లో ఉన్నది ఒక్కటే ముక్కాలిపీట. దాన్ని చంకన పెట్టుకుని తన ఇంటికి పోయింది.

"మా పీట అక్కా అది" అన్నాను.

"నా తాన ఉండనీ. నీ మీద నాకు నమ్మకముండాది, నీ నాలిక మీద లేదు" అంది.

ఆ రాత్రి కంచంలో రొట్టె చూసి మా ఆయన నా మొహం చూశాడు. "జీతం రోజు రొట్టెనా?" అన్నాడు. ఊరిబిండి వేసి, పచ్చి ఉల్లిగడ్డ కొట్టి పెట్టాను. ఒక ముక్క తిన్నాడు. ఇంకో ముక్క తుంచుకున్నాడు. "మా అమ్మ చేసినట్టే ఉంది" అని ఇంకోటి అడిగాడు. గూడ్సాఫీసు గుమాస్తా పరువు ఆ పూటతో పొయ్యిలో పడి కాలిపోయింది, మేమిద్దరం హాయిగా తిన్నాం. మధ్యలో ఒకరోజు ఆయన పుట్టినరోజని పాయసం కోసం పీట అడగబోతే తిమ్మక్క తలుపు వేసుకుంది. నాకు ఒళ్లు మండింది. మా పీట మాకివ్వననడానికి ఈమెవరని ఆ సాయంత్రమంతా గడప మీద కూర్చుని ఆయనతో సణిగాను. ఆయన మాత్రం బెల్లం ముక్క లేకుండానే సంతోషంగా ఉన్నాడు.

నెల సగం గడిచాక తిమ్మక్క ఇంటికి చుట్టాలు దిగారు. ఆమె చెల్లెలు, మరిది, వాళ్ల పిల్లలు. వానలు లేక కోసిగి వైపు నుంచి సుగ్గికి బయల్దేరినవాళ్లు. సుగ్గి అంటే పని వెతుక్కుంటూ గిన్నెలూ చాపలూ నెత్తిన పెట్టుకుని వేరే సీమకు పోవడం. నంద్యాల వైపు కోతలకు పోతూ, బండి మారడానికి డోనులో దిగితే చిన్నపిల్లకు జ్వరం పట్టుకుంది. కొన్నాళ్లు ఉండిపోయారు. ఆ కొన్నాళ్లూ తిమ్మక్క ఇంట్లో అన్నం, పప్పు, నెయ్యి, బెల్లం పొంగలి. పోయేటప్పుడు మూట కూడా కట్టిచ్చింది. వాళ్లను బండెక్కించి వస్తూ కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. నేను చూశానని తెలిసి, "బొగ్గు నలుసు పడింది" అంది.

చివరి వారం వచ్చింది. తిమ్మక్క ముక్కాలిపీట తెచ్చి మా వంటింట్లో పెట్టింది. "ఎక్కు పాపా" అంది. డబ్బా దించి మూత తీస్తే, వరసలో ఎవరి ఇంట్లోనూ లేని సరుకు మా ఇంట్లో ఉంది. ఆ రోజు అన్నం వండి, పప్పు చేసి, నేతి తిరగవాత వేశాను. గోడ అవతల నుంచి కూడా తిరగవాత వాసన వచ్చింది. తిమ్మక్క పొయ్యి కూడా మండుతోందని నాకు ధైర్యంగా అనిపించింది. మర్నాడూ వాసన వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మామ వచ్చే రోజు దగ్గరపడుతోంది, నా గుండె గట్టిగానే ఉంది.

రేపు మామ వస్తాడనగా కొంచెం పాయసం వండి, మొదటి గిన్నె తిమ్మక్కకే ఇవ్వాలని వాళ్లింటికి పోయాను. తలుపు తీసే ఉంది. ఆమె అప్పుడే తిరగవాత దించుతోంది. చుక్క నూనెలో ఆవాలు, ఒక మిరపకాయ, నాలుగు కరివేపాకులు. దాన్ని పక్కనున్న గిన్నెలో వంపింది. ఆ గిన్నెలో ఉన్నది కొర్రల గంజి. గంజి కూడా కాదు, కొర్రలు తేలుతున్న నీళ్లు. పిల్లలిద్దరూ గిన్నె దగ్గరికి మొహాలు పెట్టి వాసన పీలుస్తున్నారు.

నేను పాయసం గిన్నె పిల్లల ముందు పెట్టి, వాళ్ల పక్కన కూర్చున్నాను. "ఎన్నాళ్లుగా అక్కా?"

"వాళ్లు పోయినప్పట్నుంచి" అంది తిమ్మక్క. తిట్టలేదు, దాచలేదు.

"మరి ఈ తిరగవాత ఎందుకు?"

"వాసనొస్తే పిల్లోల్లు చారనుకుంటారు" అంది. తరవాత గోడ వైపు చూసింది. "నువ్వు గూడా ఉండావు కదా ఆ పక్క. నా మాట ఇని నెలంతా రొట్టె తింటివి. నా పొయ్యే సల్లారిపోతే నీకు ధైర్యం యాడుంటాది? డబ్బా ముందరే దించుకుందువు."

నేను లేచాను. ఇంటికి పోయి డబ్బా ఎత్తుకొచ్చాను. తిమ్మక్క ఇప్పుడు తిట్టింది, వరసంతా వినేటట్టు తిట్టింది. "మీ మామ రేపు వస్తాండాడు. నిన్ను తీస్కపోతాడు. బుద్ధుండాదా నీకు?" అంది. ఆమె తిడుతూనే ఉంది, నేను ఆమె పొయ్యి మీద ఎసరు పెడుతూనే ఉన్నాను. మా ఆయనకు సాయంత్రం చెబితే, గడప మీద కూర్చుని చాలాసేపు బండ్లు చూశాడు. "నాయనకు నేను చెబుతాలే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో బెంగ నాకు తెలిసింది. నా చెయ్యి పట్టుకున్నాడు, బయట అందరూ చూస్తుండగా.

మామ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. తిమ్మక్క పిల్లలు మా వంటింట్లో పప్పన్నం తింటున్నారు. తిమ్మక్క ఇంటినుంచి తిరిగొచ్చిన డబ్బాలో ఆఖరి బియ్యం అవే. మామకూ మాకూ రొట్టె, పచ్చిపులుసు. ఆయన కంచం ముందు కూర్చోకుండా నేరుగా డబ్బా దగ్గరికి పోయి మూత తీశాడు. ఖాళీ.

"మళ్లా ఇదేనా?" అన్నాడు.

మా ఆయన ఏదో చెప్పబోయేలోపే తిమ్మక్క గుమ్మంలోకి వచ్చింది. ఆమె చేతులు కట్టుకుని నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "తప్పు నాదప్పా. మా చెల్లెలోల్లు సుగ్గికి పోతా వస్తే నా ఇంట్లోది అయిపాయ. ఈ పిల్ల ఎత్తకొచ్చి పెట్టింది. నెలంతా సక్కగా జరుపుకునింది. పాపను తీస్కపోవద్దప్పా" అంది.

మామ అన్నం తింటున్న పిల్లల వైపు చూశాడు. కండువా తీసి పక్కన పెట్టి కంచం ముందు కూర్చున్నాడు. రొట్టె తుంచి పచ్చిపులుసులో ముంచి తిన్నాడు. మేమందరం అలాగే నిలబడ్డాం. రొట్టె అయిపోయాక తల ఎత్తకుండానే అన్నాడు: "నెల కడాన పక్కింటికి పెట్టే ఇంటిని నేనెట్ల మూసేస్తానమ్మా. ఇంకో రొట్టె ఎయ్యి."

నేను పొయ్యి దగ్గరికి పోయి రొట్టె తట్టాను. ఏడుస్తూ తట్టాను కాబట్టి వంకరగా వచ్చింది, అయినా విరగలేదు.

కొన్నేళ్లకు మా ఆయనకు కడపకు బదిలీ అయింది. సామాను బండికెక్కిస్తుంటే తిమ్మక్క ఆ ముక్కాలిపీట తన ఇంట్లోకి తీసుకుపోయింది. "అక్కా, అది మా పీట" అన్నాను మళ్లీ. "తెలుసులే" అని తలుపు వేసుకుంది. తలుపు వెనక ఆమె ఏడుస్తోందని నాకు తెలుసు, అందుకే పీట అడగలేదు. తరవాత ఆమెను చూడలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో మాత్రం ఈనాటికీ జీతం రోజున రొట్టె, నెలాఖరున పాయసం. నా పిల్లలు దీన్ని "మా అమ్మ పిచ్చి" అంటారు, కడుపునిండా తింటారు.

ఇంకోటి కూడా నాతో ఉండిపోయింది. నెలాఖర్లో ఎవరింట్లో తిరగవాత వాసన వచ్చినా, గిన్నెలో ఏముందో చూడకుండా ఉండలేను. నిన్న మెట్లెక్కి, "కరివేపాకు ఉందా తల్లీ" అని అడిగాను. మా పెరట్లో కరివేపాకు చెట్టుందని ఆ అమ్మాయికి తెలుసు. నవ్వి, "లోపలికి రా అవ్వా" అంది. పొయ్యి దగ్గరికి పోయి మూత తీసి చూశాను. చిక్కటి పప్పు, వంకాయ ముక్కలతో. గుండె కుదుటపడింది. తీసుకెళ్లిన పప్పు గిన్నె మాత్రం అక్కడే పెట్టేసి దిగివచ్చాను.