కత్తెరకు సరిపడా బొటనవేలు

బస్సు ఆగిపోయి ముప్పావుగంట అయింది. డ్రైవరు ఇంజను మూత ఎత్తి లోపలికి తల దూర్చాడు. యంత్రాల గురించి ఓనమాలు రాని ప్రయాణికులంతా చుట్టూ చేరి అతనికి సలహాలిస్తున్నారు. దర్జీ మాత్రం కల్వర్టు గోడ మీద కూర్చుని తన తిప్పలు తాను పడుతున్నాడు. నీళ్ళసీసా మూత రావడం లేదు. సీసాను మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడమచేత్తో తిప్పాడు. జారింది. పళ్ళతో పట్టాడు. అరవై రెండేళ్ళ పళ్ళకి అదీ సాధ్యం కాలేదు.

పక్కన కూర్చున్న నడివయసావిడ చెయ్యి చాపితే సీసా ఇచ్చాడు. ఆవిడ దాన్ని గోడ మీద పెట్టేసి ఆయన కుడిచెయ్యి అందుకుంది.

"నేనిచ్చింది సీసా అమ్మా, చెయ్యి కాదు."

"సీసాకేం, ఎవరైనా తీస్తారు. ఇది కాలి ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు. కాలిందని మీకెలా తెలుసు?"

"పదిహేనేళ్ళుగా ఇలాంటి చేతులకే కట్లు కడుతున్నాను. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో సిస్టర్ని. బొటనవేలు తెరవండి చూద్దాం."

తెరవడానికి అదేమన్నా తలుపా. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని, చలికి పడుకున్న పిల్లిలా ఉంది. దానికీ చూపుడువేలికీ మధ్య చర్మం మందంగా, నున్నగా, బాతుకాలి పొరలా బిగుసుకుంది.

కాలిన కథ చిన్నదే. ఇస్త్రీపెట్టె బల్ల అంచు నుంచి జారింది. కింద ఒక పెద్దమనిషి కొత్త కోటు ఉంది. ఇంకెవరైనా అయితే ఎగిరి పక్కకి దూకేవారు. నలభయ్యేళ్ళు గుడ్డకి కాపలా కాసిన మనిషి కాబట్టి ఈయన ఇస్త్రీపెట్టెను క్యాచ్ పట్టాడు. కోటు బతికింది. ఆ పెద్దమనిషి వచ్చి, కోటు చంకల దగ్గర బిగుతుగా ఉందని పేచీ పెట్టి మరీ పట్టుకెళ్ళాడు.

వీధిలో అందరూ ఈయన్ని అరంగుళం అంటారు. ఎవరొచ్చి ఏం ఫిర్యాదు చేసినా ఆయన చెప్పే మందు ఒకటే: "అరంగుళం వదులుదాం." నడుము ఆరంగుళాలు పెరిగినవాళ్ళకీ అదే మాట. ఇన్నేళ్ళలో ఆయనకు బోధపడింది ఏమిటంటే, కొలతలకి వచ్చే మనిషి ఎవరూ ఉన్న ఒంటితో రారు, పదేళ్ళ కిందటి ఒంటితో వస్తారు. ప్రతివాడికీ ఒక భుజం రెండోదానికన్నా కాస్త దిగే ఉంటుంది. అది ఈయన ఎవరికీ చెప్పడు. దిగిన వైపు ఒక దూది పొర ఎక్కువేసి ఊరుకుంటాడు. వాళ్ళు అద్దంలో చూసుకుని తమ భుజాలకు తామే మురిసిపోతారు.

కాలిన తరవాత మిషను తొక్కడం ఆగలేదు, ఎడమచేత్తో కాజాలు కుట్టడం ఆగలేదు. ఆగింది కత్తిరించడం. పెద్ద కత్తెర పిడి కంట్లోకి బొటనవేలు దూరదు. ఎడమచేత్తో ప్రయత్నిస్తే మొదటి పంట్లాము ఒక కాలు మనిషిదీ ఒక కాలు ఏనుగుదీ అయింది. చివరికి ఇరవై ఏళ్ళుగా గుండీలు కుడుతున్న బావమరిది కత్తెర అందుకున్నాడు. దర్జీ కొట్టులో కత్తెర ఎవరి చేతిలో ఉంటే కొట్టు వాడిది. ఇప్పుడు బావమరిది సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, "బావా, ఆ టేపు ఇలా ఇయ్యి," అంటున్నాడు. చెయ్యి కాలిన రోజున పడని బాధ ఈయన ఆ 'ఇలా ఇయ్యి' దగ్గర పడ్డాడు.

బస్సు కదిలేలోపు సిస్టరు చీటీ మీద ఆస్పత్రి చిరునామా రాసి ఇచ్చింది. "మంగళవారం రండి. డాక్టరమ్మ చూస్తారు." నీళ్ళసీసా మూత కూడా తీసింది.

ఇంట్లో భార్య చీటీ చదివింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అందరికీ సామెత. మీకు దినచర్య."

"అది ముఖాలు మార్చుకునేవాళ్ళ ఆస్పత్రిట. నా ముఖానికేం, బాగానే ఉందిగా."

"ఎవరన్నారా మాట?"

ప్లాస్టిక్ అన్న మాట విని చేతిలో బకెట్ ముక్క పెడతారేమోనని ఆయన కొంత బెంగపడ్డాడు. నిజానికి ఆ మాట బకెట్లకన్నా చాలా పాతది. మలచడం అని దాని అర్థం. పనైతే ఇంకా పాతది. వేల ఏళ్ళ కిందటే ముక్కు తెగినవాళ్ళకి వైద్యులు ముందు ఆకుతో కొలత తీసుకుని, ఆ కొలతకి చర్మం కోసి ముక్కు కట్టేవారు. కొలత తీసి కొయ్యడం అనే విద్య గుడ్డకి ముందో ఒంటికి ముందో చెప్పడం కష్టం. ఏదైతేనేం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళు కారు.

మంగళవారం ఆస్పత్రి హాల్లో ఒకావిడ అద్దం పట్టుకుని కూర్చుంది. ముక్కు సన్నం చేయించుకోవడానికి వచ్చిందట. దర్జీ అడగకుండానే ఆవిడ ముఖాన్ని నాలుగువైపులా కొలిచాడు.

"ముక్కు కుదురుగానే ఉందమ్మా. కళ్ళజోడే వెడల్పు."

ఆవిడ కళ్ళజోడు తీసి చూసుకుంది, పెట్టుకుని చూసుకుంది, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. లోపల డాక్టరమ్మ ఆ కబురు విని కళ్ళజోడు మీదుగా ఈయన్ని చూసింది. "ఇంకో ఇద్దరికి సలహా ఇచ్చారంటే నా ఆపరేషన్ బల్ల మీద నేనే పడుకోవాలి."

చెయ్యి తిప్పి, మడిచి, నొక్కి చూసింది. తరవాత తాపీగా చెప్పింది. "మొదట్లోనే వచ్చుంటే పట్టీ, మర్దన, వ్యాయామంతో చాలావరకు లొంగేది. ఇప్పుడు పొర ముదిరింది. అందుకని రెండు దారులు. బిగిసినదాన్ని కోసి వేలు తెరిచి, ఆ ఖాళీలో గజ్జ దగ్గర చర్మం తెచ్చి కుట్టడం ఒకటి. ఇంకా లోతుగా పాడైతే, చేతిని పొట్టకి కుట్టి మూడు వారాలు ఉంచి, అక్కడి చర్మం కండతో సహా ఇటు అతికించడం రెండోది."

"నేను జేబులు బోలెడు కుట్టానమ్మా. చెయ్యి లోపల పెట్టి ఎప్పుడూ కుట్టలేదు."

"మీకు మొదటిది చాలు."

"గజ్జ దగ్గర అంటే పైకి కనబడదు. మంచిదే. మాసికకి నేనూ లోపలి మడతలోంచే గుడ్డ తీస్తాను. కానీ కొలతకి కాస్త పెద్దది కొయ్యండి. తడిస్తే ముడుచుకుంటుంది."

"చర్మమూ ముడుచుకుంటుంది. పల్చటిది ఎక్కువ, మందంది తక్కువ. అందుకే మందంది తీస్తాను." ఆవిడ ఊదారంగు పెన్నుతో చేతి మీద గీత గీసింది. ఆయన వంకరగా ఉందన్నాడు. ఆవిడ తుడిచి మళ్ళీ గీసింది.

"మళ్ళీ మామూలు చెయ్యవుతుందాండీ?" అంది భార్య.

"అవదు. రంగు తేడా ఉంటుంది, మచ్చ ఉంటుంది. వేలు తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుంటుందన్నది ఆపరేషన్ తరవాత ఈయన ఎంత బుద్ధిగా ఉంటారన్నదాన్ని బట్టి."

భార్య నిట్టూర్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు దాకా ఆయన బుద్ధిగానే ఉన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం కట్టు అంచు నుంచి ఒక నల్లదారం వేలాడుతూ కనిపించింది. వేలాడే దారాన్ని దర్జీ ముందు పెట్టడమంటే పిల్లి ముందు పాలగిన్నె పెట్టడం. పట్టుకుని లాగాడు, రాలేదు. ఎడమచేత్తో పైకట్టు ఒక చుట్టు విప్పి చూశాడు. లోపల దూది ఉండ, దానిమీద పొడుగ్గా, వదులుగా, ఎడమెడంగా దారాలు. ఆయనకి నవ్వొచ్చింది. ఇవి కచ్చా కుట్లు. అసలు కుట్టు పడేదాకా గుడ్డ జరగకుండా పైపైన వేసేవి, పనయ్యాక తెంపెయ్యాల్సినవి. పాపం, డాక్టరమ్మ మర్చిపోయినట్టుంది. చొక్కా జేబులో దారాలు తెంపే చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. మూడు తెంపాడు. నాలుగోదాని దగ్గర సిస్టరు వచ్చింది.

"బాబాయ్ గారూ, ఏం చేస్తున్నారు?"

"మీరు మర్చిపోతే నేను గుర్తుపెట్టుకున్నాను."

ఆవిడ కత్తెర లాక్కుని పక్కబల్ల మీద పెట్టి డాక్టరమ్మకి కబురు పంపింది. కొత్త చర్మం కింద ఉన్న మాంసానికి అదుముకుని ఉంటేనే అందులోకి నెత్తురు పారి బతుకుతుంది. ఆ దూది ఉండ, ఆ దారాలు అయిదు రోజులు అదిమిపెట్టడానికే. డాక్టరమ్మ పరుగున వచ్చి, లేచిన మూలని సర్ది మళ్ళీ కట్టింది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆయన ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మీకు వేసిన నాలుక మీరే పీక్కున్నారు," అంది భార్య. అంటూనే ఆ చిన్న కత్తెర తీసి తన కొంగున ముడేసుకుంది.

చర్మం బతికింది, గోరంత మూల తప్ప. ఆ మూల నల్లబడి, రాలి, నెమ్మదిగా మాని, గట్టి తాడులా బిగిసింది. ఆపైన మూడు నెలలు రాత్రిళ్ళు పట్టీ, పగలు వ్యాయామం. సిస్టరు బట్టల క్లిప్పులిచ్చి రోజుకు వందసార్లు నొక్కమంది. ఆయన నూటయాభై నొక్కాడు. బావమరిది వచ్చి చూసి, "బావా, నువ్వు తొందరపడకు, కొట్టు నేను చూసుకుంటున్నాగా," అన్నాడు. ఆ పూట రెండొందలు నొక్కాడు.

చివరి పరీక్షకి డాక్టరమ్మ కోణాలు కొలిచే పరికరం తెచ్చి వేళ్ళ మధ్య పెట్టింది. "నలభై డిగ్రీలు. రెండో చేతికి యాభై అయిదు. ఆ మూల లేకపోతే ఇదీ యాభై దాకా వచ్చేది. ఇంకో చిన్న ఆపరేషన్ చేయొచ్చు. ఆ తాడు దగ్గర మెలికగా కోసి సర్దితే పది పెరుగుతుంది. రంగు తేడాకి లేజర్ ఉంది. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి."

"మళ్ళీ ఎన్నాళ్ళు కట్టుంచాలండీ?" అని భార్య అడిగింది. డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగి వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.

దర్జీ ఈలోపు భార్య సంచీలోంచి పాతగుడ్డలో చుట్టిన పెద్ద కత్తెర తీశాడు. పొద్దున కొట్టు నుంచి వచ్చేటప్పుడే, ఆవిడ చూడకుండా అందులో పడేసుకున్నాడు. సిస్టరు పక్కబల్ల మీద ఒక చిరిగిన ఆకుపచ్చ దుప్పటిని పీలికలు చేయబోతోంది. ఆయన దాన్ని తనవైపు లాక్కున్నాడు. కత్తెర కంట్లోకి బొటనవేలు మొదట అడ్డం తిరిగింది. కొద్దిగా వొంచి, మణికట్టు తిప్పి దూర్చాడు. వెళ్ళింది. మొదటి జానెడు వంకరపోయింది, దాన్ని వదిలేసి పక్కన కొత్తగా మొదలుపెట్టాడు. ఈసారి బల్లకి ఆనించి, కత్తెర కింది రేకు ఎత్తకుండా ఒక్క ఊపున అవతలి అంచు దాకా నడిపించాడు. దుప్పటి రెండయింది. సిస్టరు ఆ అంచును వెలుతురుకి ఎత్తి చూసింది. స్కేలు పెట్టి గీసినట్టుంది.

"మూడు వారాలే," అంటోంది డాక్టరమ్మ. "ఆ తరవాత మామూలుగా పన్లు చేసుకోవచ్చు. ఏమంటారు?"

అని ఇటు తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయన ఏరీ?" అంది భార్య.

సిస్టరు కిటికీ వైపు చూపించింది. పొద్దున కొట్టు బల్ల మీద బావమరిది ఒక ఖరీదైన కోటు గుడ్డ పరిచి సుద్దగీతలు గీసుకున్నాడు, భోజనమయ్యాక కోస్తానన్నాడు. భోజనాల వేళ కావస్తోంది. దర్జీ ఆస్పత్రి మెట్లు దిగి, గేటు దాటి, ఎండలో పెద్ద పెద్ద అంగలు వేస్తూ వెళుతున్నాడు, వెనక్కి చూడకుండా, కత్తెర కుడిచేతిలోనే పట్టుకుని.