నా పక్క సీటు

ఆడదాని చేతిలో పడి బండి పాడైందన్నారు. బయటివాళ్ళు అని ఉంటే చెవిన పెట్టేదాన్ని కాదు. ఆ మాట మొదలుపెట్టిందే మా బావ, మా ఆయనకు సొంత అన్న.

మా ఆయనకు నడుము ఆపరేషన్ అయ్యాక ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. మాకున్న ఆస్తి ఆ పాత వ్యాను ఒక్కటే, ఇంజను ముందు సీట్ల కింద ఉండే రకం. డ్రైవరును పెడితే వచ్చింది వాడికే సరిపోతుంది. నేనే నేర్చుకున్నాను, లైసెన్సు తీసుకున్నాను, ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు మనుషులను తిప్పడం మొదలుపెట్టాను. మగవాళ్ళూ ఎక్కేవారు, కానీ ఒక్కడూ ముందు కూర్చునేవాడు కాదు. బండి తోలే ఆడదాని పక్కన కనబడటం వాళ్ళకు నామోషీ. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వెనకే ఇరుక్కునేవారు. నా పక్కన ఎప్పుడూ ఆడవాళ్ళే. నాకేం పోయింది, కూర్చోనీ అనుకున్నాను.

ఇంతలో బండికి మిస్సింగ్ పట్టుకుంది. బాగా పోతూ పోతూ ఎక్కిళ్ళు వచ్చినట్టు కొట్టుకునేది, కాసేపటికి దానంతటదే సర్దుకునేది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటర్ విప్పి కడిగాడు, నన్ను వెనక కూర్చోబెట్టి తానే తోలి చూశాడు. ఏ జబ్బూ లేదు. మరో రోజు మా బావ తోలాడు. తమ్ముడి పెళ్ళాం బావ పక్కన కూర్చోకూడదు కదా, అప్పుడూ నేను వెనకే. అప్పుడూ జబ్బు లేదు.

"సూడప్పా, మొగోని సేతిలో ఎట్ల పోతాందో!" అన్నాడు బావ, షాపు ముందు బండి ఆపి మెకానిక్‌తో. నా వైపు తిరిగి, "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. నీకు గేరు తెలీదు, క్లచ్చి తెలీదు. ఆలూరాయన ఒకడు అడుగుతాండాడు, శుక్రవారం బండి ఇచ్చేస్తాం. నువ్వు ఇంటికాడ ఉండి మావోణ్ణి సూసుకో" అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనను అడిగితే, "అన్న సెప్పినాడు గదా" అన్నాడు గోడ వైపు చూస్తూ. బావ తిట్టినందుకు కాదు, మొగుడు ఆ మాట అన్నందుకు ఒళ్ళు మండింది. బండి పోతే పొయ్యి ఎట్లా వెలుగుతుందో ఆ అన్నదమ్ములకే తెలియాలి. పైగా 'దానికి చేతకాలేదు' అన్న మాట నేను బతికినన్నాళ్ళూ నా నెత్తినే ఉంటుంది.

మరుసటి రోజు ఎమ్మిగనూరు నుంచి వస్తుంటే ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. మగ్గం నేసే ఇంటి మనిషి, మంచి భారీ శరీరం. దారి పొడుగునా ఎక్కిళ్ళే. తన ఊరి దగ్గర ఆమె దిగిందో లేదో, ఇంజను ఠక్కున సర్దుకుంది. నేను గేరు ముట్టలేదు, క్లచ్ ముట్టలేదు.

"అవ్వా, ఇంకొక్కసారి ఎక్కవా?"

"పిచ్చి పట్టిందా పాపా, ఇప్పుడే గదా దిగినా" అంటూనే ఎక్కింది. ఎక్కిళ్ళు. దించాను. పోయాయి. "నా బరువుకు నీ బండి ఏడుస్తాందా ఏమి?" అంది. వెనక ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంజను ఆపి సీటు ఎత్తాను. సీటు కింది రేకు ఒక మూల వంగిపోయి ఉంది. మనిషి కూర్చుంటే ఆ మూల ప్లగ్గు వైరును ఇంజను ఇనుముకేసి నొక్కుతోంది. వైరు తిప్పి చూస్తే కింది వైపు రబ్బరు అరిగి, నువ్వుగింజంత మేర నల్లగా కాలింది. ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు అక్కడే ఇనుములోకి పోతోంది. పైనుంచి చూస్తే ఎవరికీ కనబడదు. ఇక మగవాళ్ళు తోలినప్పుడల్లా ఆ సీటు ఖాళీ!

టేపు చుడితే అక్కడికక్కడే బాగయ్యేది. చుట్టలేదు.

శుక్రవారం మెకానిక్ షాపు దగ్గరికి పోయేసరికి ఆలూరాయనను వెంటబెట్టుకుని బావ నిలబడి ఉన్నాడు. "మెకానిక్కన్నా, నువ్వే తోలు. బావా, నువ్వు ముందు కూసో. నేను వెనక కూసుంటా" అన్నాను. మగవాడు తోలే బండి కాబట్టి బావ దర్జాగా కూర్చున్నాడు. బజారు మలుపు తిరగకముందే మొదలయ్యాయి ఎక్కిళ్ళు.

"ఏమన్నా, నీకూ గేరు తెలీదా?" అన్నాను మెకానిక్‌తో.

బావను దించి, బండి సర్దుకున్నాక సీటు ఎత్తి చూపించాను. "ఓర్నీ, ఇది యాడ కనిపిస్తాది!" అని మెకానిక్ తల కొట్టుకున్నాడు. కొత్త వైరు వేసి, రేకు సుత్తితో కొట్టి సరిచేశాడు.

బావ ఒక్క మాట అంటాడని చూశాను, 'తప్పు నీది కాదులే' అని. ఆయన మాత్రం ఆలూరాయన భుజం మీద చెయ్యి వేసి, "బండి బాగయ్యింది గదా, ఇంక నీదే" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. బండికి జబ్బు ఉందా లేదా అన్నది ఏనాడూ ఆయనకు అక్కర్లేదు, నన్ను స్టీరింగ్ ముందు నుంచి లేపడమే కావాలి.

"బండి అమ్మేది లేదు" అన్నాను, బజారంతా వినబడేట్టు. తాళం తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"తమ్మునితోనే తేల్సుకుంటా, ఇంటికి పద" అన్నాడు బావ, వెనక తలుపు పట్టుకుని. ఎక్కగానే దానికి లోపల నుంచి గడియ వేసేశాను. నా పక్క తలుపు తెరిచాను.

"ఈడ కూసో బావా."

"ఆడదాని పక్కన కూసోని బజార్లో పోతానా నేను?"

"అయితే నడిసి పో" అన్నాను. తలుపు వేసుకుని ఎమ్మిగనూరు దారి పట్టాను.