రేకు తల మీది కొంగు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా అన్న మనుమరాలు. హైదరాబాదులో టీవీకి కథలు రాసే ఉద్యోగం దానిది. మొన్న జహీరాబాదు వచ్చి నా మంచం మీద కూర్చుని, ఏవో సైన్సు నవలలను టీవీకి మలుస్తున్నామనీ, అందులో ఆడా మగా కాని ఒక మరమనిషి ఉందనీ, దాన్ని ఎట్లా చూపించాలో తేలక వారం రోజులుగా ఆఫీసులో తగువు పడుతున్నామనీ చెప్పింది. ఒకరేమో వస్తాదును పెడదామంటారట, ఇంకొకరు అందమైన పిల్లకు వెండిరంగు పూద్దామంటారట. "నానమ్మా, నువ్వు చిన్నప్పుడు గసొంటి వేషమే ఏసినవని తాత చెప్తుండె, నిజమేనా?" అని అడిగింది. నవ్వుదామనుకున్నాను గానీ, అరవై ఏళ్ల కిందటి దడ మళ్లీ గుండెల్లోకి వచ్చి కూర్చుంది.

నేను బడికి పోలేదు. మా ఇంట్లో ఆడపిల్లలను పంపేవారు కారు. పెళ్లయిన రెండేళ్లకే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన మా మేనత్త, వంటపని ముగిశాక మధ్యాహ్నం పూట నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగూ, లెక్కలూ, కొంచెం ఇంగ్లీషూ చెప్పేది. ఆ కాస్త చదువూ దేవుడు ఆవిడ చేతుల మీదుగా నాకు పంపిన ప్రసాదమని ఇప్పటికీ నా నమ్మకం. పెద్దనాన్నకు మాత్రం అది గిట్టేది కాదు, ఉత్తరం రాయడం వస్తే చాలదా అనేవాడు. అన్నగారి మాట దాటని మా నాన్న, చదువును సాగనిచ్చాడు గానీ, ఇంటి ఆడపిల్ల పేరు బయట నలుగురి నోట వినిపించిన రోజున పుస్తకాలు అటకెక్కుతాయని ముందే చెప్పి ఉంచాడు.

ఆ ఏడు అన్న చదివే బడిలో వార్షికోత్సవానికి నాటకం కావలసివచ్చి, అన్న మేనత్తను అడిగాడు. మేనత్త దగ్గర అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు కథల పుస్తకం ఒకటుండేది. అందులోని కథను ఆవిడ మన ఊరికి తెచ్చి నాటకం రాసింది. ఒక శాస్త్రజ్ఞుడు యంత్రం మనిషిని చేస్తాడు, అది పొలమూ దున్నుతుంది, వడ్లూ దంచుతుంది, ఊరంతా వచ్చి ఇది నీ కొడుకా బిడ్డా అని అతణ్ణి నిలదీస్తుంది. శాస్త్రజ్ఞుడు మా అన్న. యంత్రం వేషానికి ముగ్గురు పిల్లలు మా గానుగ పాకకు వచ్చి నడిచి చూపించారు. ఒకడు లేని మీసం మెలేశాడు, ఒకడు నవ్వించాలని నడుము తిప్పాడు, మూడోవాడు పోలీసు జవానులా కాళ్లు నేలకేసి కొట్టాడు. మేనత్త తల పట్టుకుంది.

"పిండి గిర్నీ ఆడదా, మొగదా? పిండి పడుతది, అంతే. నాకు గట్ల నడిచెటోళ్లు గావాలె" అన్నది.

అని, మూలన చెరకు తొక్క ఏరుతున్న నన్ను చూసింది. నిండు బిందె తొణకకుండా తెచ్చే నడక నాది, ఆ నడకలోంచి బిందెను తీసేసి రమ్మన్నది. వచ్చాను. యంత్రం వేషం నాకే ఇచ్చింది ఆవిడ.

నా పేరు బయటికి పొక్కితే పుస్తకాలు అటకెక్కుతాయన్నదే అప్పటినుండి నా భయం. యంత్రం వేషం వేసేది న్యాల్‌కల్ ఊళ్లోని మా చుట్టాల పిల్లవాడని అన్న బడిలో చెప్పాడు. ఆ అబద్ధం నా కోసం ఆడింది కదా, దాన్ని క్షమించమని ఝరాసంగం స్వామికి పొద్దూమాపూ మొక్కుకునేదాన్ని. అమ్మకు తెలుసు, నాన్నకు తెలియదు. చేతులు బోసిగా ఉంటే కీడని అమ్మ గాజులు తీయనివ్వలేదు, అందుకని అవి గలగలలాడకుండా మోచేతుల దాకా గుడ్డపేలికలు చుట్టి, వాటి మీద రేకులు కట్టారు. తలకు కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టిన నూనె డబ్బా. దానిలోంచి మాట్లాడితే నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

పొద్దు గూకకముందే, బడి ఆవరణలోనే నాటకం మొదలైంది. సగం దాకా బాగానే సాగింది. ఇంతలో ముందు వరసలో నాన్న లేచి చోటిచ్చాడు, పెద్దనాన్న వచ్చాడు, కూర్చుంటూ దగ్గాడు.

ఓణీ వేసిన నాటినుండి ఆ దగ్గు వినిపిస్తే తల మీదికి కొంగు లాక్కోవడం మా ఇంటి ఆడపిల్లల అలవాటు. నా చెయ్యి నన్నడగకుండా లేచింది. లేని కొంగును పట్టి లాగబోయి డబ్బాకు ఠంగున తగిలింది. ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. "అరె, యంత్రానికి ముసుగేందిరా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన. ఆ చెయ్యి తల దగ్గరే ఉండిపోయింది. నా పుస్తకాలన్నీ ఒక్కొక్కటే అటకెక్కుతూ కళ్లకు కట్టాయి.

అప్పుడు తెర వెనకనుంచి, పాఠం అందిస్తున్న మేనత్త గొంతు అన్నకు వినిపించేటంత సన్నగా పలికింది. "అది సలాం జేస్తున్నది. నువ్వూ చెయ్యి!"

అన్న మేధావి కాదు గానీ చెల్లెలంటే ప్రాణం. శాస్త్రజ్ఞుడు యంత్రం ముందు నిలబడి, గంభీరంగా, లేని కొంగును తన తల మీదికి లాక్కున్నాడు. అది చూసి ఊరివాళ్ల వేషాల్లో ఉన్న నలుగురూ లాక్కున్నారు. యంత్రాల మర్యాద అట్లాగే ఉంటుందనుకుని జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు బజారులో మీసాలున్న మగవాళ్లు ఒకరికొకరు కొంగు సలాములు చేసుకున్నారని అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

నేను నవ్వలేదు. ఆ పూటే పెద్దనాన్న మా ఇంటికి వచ్చాడు. మేనత్త ఇచ్చిన చాయ్ తాగుతూ, తలుపు చాటున నేనున్నానని తెలిసో తెలియకో ఆవిడతో అన్నాడు: "ఆ డబ్బల ఎవలున్నరో నాకు తెల్వదు, తెల్వద్దు గూడ. ఎవలైనా సరే, సదువు ఆపద్దని చెప్పు." నాన్న తలెత్తి అన్నగారి వైపు చూశాడు. నా పుస్తకాలు అటకెక్కలేదు.

నాటకం అయిన రోజున బడి పెద్దపంతులు వేదిక మీద అందరి పేర్లూ చదివాడు. యంత్రం వంతు వచ్చేసరికి న్యాల్‌కల్ చుట్టమన్నాడు. నాటకం రాసిందెవరో చెప్పనే లేదు. ఇదంతా విని మనుమరాలు, తమ టీవీ మరమనిషి కూడా తల మీదికి చెయ్యి లేపి సలాం చేస్తుందని మాటిచ్చింది. కథ రాసినందుకు మనుమరాలి పేరు తెర మీద పెద్ద అక్షరాలతో పడుతుంది, ఏ ఇంట్లోనూ ఎవరి పుస్తకాలూ దాని వల్ల అటకెక్కవు. ఎవరి దగ్గుకూ ఎవరూ కొంగు లాక్కోవడం లేదిప్పుడు, మంచిదే. నా చెయ్యి మాత్రం ఇంకా ఒక్కోసారి లేస్తుంది, దగ్గేవాళ్లూ లేరు, తెర వెనకనుంచి అందించే గొంతూ లేదు. ఇది చదివే నా వయసు వాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. టీవీలో ఆ యంత్రం చెయ్యి తల మీదికి పోయినప్పుడు, ఏ జాబితాలోనూ పేరెక్కని మా మేనత్తను ఒక్కసారి తలుచుకోండి.