అత్తయ్య హార్మోనియం, నా వేవ్‌టేబుల్

నా వ్యాపకం గురించి మావారు చుట్టాలకి చెప్పే మాట ఒకటే: "కంప్యూటర్లో ఏవో సౌండ్లు చేసుద్దండి." ఆ మాట పుణ్యమా అని నందిగామలో మా ఇంటికి ఇప్పటిదాకా రెండు ప్రింటర్లు, ఒక మిక్సీ, కూత రాని కుక్కర్ ఒకటి రిపేరుకొచ్చాయి. కుక్కర్ తెచ్చింది మావారి పిన్నిగారు. "సౌండు రాట్లేదమ్మా, కాస్త చూడు" అన్నారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఖాళీ దొరికితే లాప్‌టాప్‌లో సింథసైజర్ల కోసం వేవ్‌టేబుళ్ళు తయారు చేస్తాను. కుక్కర్లు బాగుచేయను. అయినా చేశాను. రబ్బరు లూజైంది, అంతే.

వేవ్‌టేబుల్ అంటే ఏంటో ముందే చెప్పేస్తాను. అది తెలియకపోతే తర్వాత నేను తిన్న చీవాట్లు అర్థం కావు. హార్మోనియం మెట్టు ఒకటి నొక్కి పట్టుకుంటే, ఒకే ఆకారంలో ఉండే చిన్న అల సెకనుకి కొన్ని వందలసార్లు వస్తుంది. అందులోంచి ఒక్క అలని కత్తిరించి తీస్తాం. తిత్తిలో గాలి తక్కువున్నప్పుడు ఆ ఆకారం ఒకలా ఉంటుంది, నిండుగా ఉన్నప్పుడు ఇంకోలా. అలాంటి అలల్ని పదులకొద్దీ తీసి, అన్నిటినీ ఒకే కొలతకి సాగదీసి, వరుసగా పేర్చి ఫైలు చేస్తే అదే వేవ్‌టేబుల్. కంప్యూటర్లోని సింథసైజర్ ఆ ఫైలు తీసుకుని, మనం ఏ మెట్టు నొక్కితే ఆ శ్రుతిలో ఆ అలని మోగిస్తుంది. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. మనం ఇచ్చేది అల ఆకారం మాత్రమే, శ్రుతి మాత్రం సింథసైజర్ తన సొంత లెక్క ప్రకారం వేస్తుంది. ఈ ముక్క క్లాసులో పాఠం చెప్పేంత బాగా నాకు తెలుసు. తెలిసి కూడా మునిగాను.

మా అత్తయ్యది చందర్లపాడు వైపు ఊరు. ఇప్పుడు మాతోనే ఉంటున్నా, ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని కొడుకు బండెక్కి ఆ ఊరి చర్చికి వెళ్ళాల్సిందే. అక్కడ ముప్పై ఏళ్ళుగా హార్మోనియం ఆవిడదే, పాట ఎత్తుకునే గొంతూ ఆవిడదే. పెళ్ళి పాటైనా, సమాధి దగ్గర పాటైనా, నిన్నగాక మొన్న వచ్చిన కొత్త పాటైనా ఆవిడకి ఒకటే శ్రుతి. "శ్రుతి మారిస్తే జనం ఎటు పోతారమ్మా" అంటారు. అదేదో జనం తప్పిపోతారన్నట్టు.

పోయిన వానాకాలం ఆ హార్మోనియం పెట్టెకి చెద పట్టింది, తిత్తి చిరిగింది. జగ్గయ్యపేటలో హార్మోనియంలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మూత తీసి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, పేషెంటు తాలూకు వాళ్ళతో డాక్టరు మాట్లాడే గొంతుతో "ఇంటికి తీసుకెళ్ళండమ్మా" అన్నాడు. తిరుగు బస్సులో అత్తయ్య పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లగేజీ వెనక పెట్టుకోమన్న కండక్టరు వైపు ఆవిడ చూసిన చూపుకి, నందిగామ వచ్చేదాకా అతను మళ్ళీ మా సీటు దగ్గరికి రాలేదు.

చర్చి వాళ్ళు కొత్త కీబోర్డు తెచ్చారు. ఒక బటన్ నొక్కితే డ్రమ్సు కూడా అదే వాయిస్తుంది. అత్తయ్య ఒక్క ఆదివారం విన్నారు. "దాని పక్కన నా గొంతు రాదు" అని చెప్పి వెనక బెంచీలోకి వెళ్ళి కూర్చున్నారు. ఆ రోజు నుంచి పాడలేదు, చర్చిలోనూ పాడలేదు, ఇంట్లోనూ పాడలేదు. ఆవిడకీ నాకూ సవాలక్ష పేచీలున్నాయి. పప్పులో నేనేసే ఉప్పు దగ్గర్నుంచి గేటుకి నేనేసే గొళ్ళెం దాకా ఆవిడకి ఏదీ నచ్చదు. కానీ ఆవిడ పాడకుండా దొండకాయలు తరుగుతుంటే ఆ వంటింట్లోకి వెళ్ళాలంటే నాకు భయమేసేది. పోట్లాడినా బాగుండేది. మౌనంగా తరిగేవారు, అన్నీ సమానంగా.

నెల రోజులు చూసి ఇక తట్టుకోలేక, "అత్తయ్యా, మీ పెట్టె గొంతు తీసి కంప్యూటర్లో పెడతానండి" అన్నాను.

"పోయేముందు వాంగ్మూలం తీసుకున్నట్టా?" అన్నారు.

"అట్టాగే అనుకోండి."

చిరిగిన తిత్తికి మావారు సైకిల్ ట్యూబు ముక్క, సొల్యూషను పెట్టి అతుకేశారు. శబ్దం పడకూడదని ఫ్యాన్లు ఆపేశాం, ఫ్రిజ్ ఆపేశాం, కిటికీలు మూసేశాం. మావారు తిత్తి ఊపాలి, అత్తయ్య ఒక్కో మెట్టూ పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి, నేను రికార్డు చేయాలి. సిద్ధమా అని బటన్ నొక్కగానే అత్తయ్య కొంగు తలమీద వేసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పని మొదలెట్టేటప్పుడు ప్రార్థన చేయకుండా ఎలా ఉంటారు? పెట్టె కోసం చేశారు, లాప్‌టాప్ కోసం చేశారు, హైవే మీద పోయే లారీ డ్రైవర్ల కోసం చేశారు. చివర్లో "ఈ బిడ్డకి కోపం తగ్గించు తండ్రీ" అన్నారు. ఆ బిడ్డని నేనే. మావారు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. అది కూడా రికార్డయింది.

తర్వాత 'స' మెట్టు మీద ఉల్లిపాయల ఆటో వచ్చింది. మైకులో ఉల్లిపాయల కబురు సందు చివరిదాకా పోయాక మళ్ళీ మొదలుపెట్టాం. 'మ' దగ్గర పక్కింటి మోటరు, 'ప' దగ్గర మావారి తుమ్ము. ఒక్క సప్తకం రికార్డు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చెమటకి ముగ్గురం ముద్దయిపోయి ఫ్యాను కింద కూలబడ్డాం.

అలలు కత్తిరించడం నాకు ఇష్టమైన పని. తెర మీద పెద్దగా చేసి చూస్తే ఆ హార్మోనియం అలకి ఒక పక్క చిన్న పన్ను లాంటిది ఉంది, మిగతా హార్మోనియంలకి లేనిది. ఆ పన్ను వల్లే ఆ పెట్టెకి ఆ కాస్త గీర. మొత్తం అరవై నాలుగు అలలు తీసి, గాలి తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి ఎక్స్‌పోర్ట్ కొట్టాను. సింథసైజర్లో పెట్టి మెట్టు నొక్కితే ఇల్లదిరిపోయేలా కీచుమంది. మావారు పరిగెత్తుకొచ్చి స్విచ్చులన్నీ కట్టేశారు. ఒక్కో అలనీ రెండువేల నలభై ఎనిమిది చుక్కలకి సాగదీయాలి. నేను సాగదీయడం మర్చిపోయాను. దాంతో ఒక్క అల పట్టాల్సిన చోట సింథసైజర్ పన్నెండు అలలు కుక్కి, పన్నెండింతలు పైకి పాడింది. రెండోసారి సాగదీసి, అల మొదలూ తోకా కలిపి, మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాను. ఫైలు పేరు 'అత్తయ్య ఫైనల్', తర్వాత 'అత్తయ్య ఫైనల్ రెండు', ఆపైన 'అత్తయ్య ఇదే ఆఖరు'. ఆ పేరు చూసి మావారు నొచ్చుకుంటే మార్చాను.

వచ్చింది చూడండి, అచ్చం ఆ పెట్టే. గీరతో సహా వచ్చింది. కళ్ళు నెత్తికెక్కాయి నాకు. వినిపిస్తానంటే అత్తయ్య వద్దన్నారు. "చర్చిలోనే వింటా."

ఆదివారం లాప్‌టాప్‌కి చిన్న కీబోర్డు తగిలించి నేనే కూర్చున్నాను. మొదటి నాలుగు స్వరాలకి జనం తలలు తిప్పి చూశారు. ఒక పెద్దావిడ పెట్టె ఎక్కడుందా అని వంగి బల్ల కింద వెతికింది. వెనక బెంచీలో అత్తయ్య నిటారుగా కూర్చున్నారు. ఇంక నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అప్పుడు పాట 'గ' దగ్గరికి వచ్చింది.

నా పెట్టె ఒక 'గ' వేసింది, వందమంది జనం ఇంకో 'గ' పాడారు. పంటి కింద రాయి పడ్డట్టు వినిపించింది. మళ్ళీ చరణంలో 'గ' వచ్చింది, మళ్ళీ అదే. మూడో చరణానికి 'గ' వస్తోందంటే చాలు, జనం ముందే ముఖాలు చిట్లించుకుంటున్నారు. పాట అయ్యాక ఒకాయన లాప్‌టాప్ ఛార్జింగ్ దిగిందేమో, అందుకే శ్రుతి పోయిందన్నాడు. ఇంకొకాయన స్టెబిలైజర్ పెట్టమన్నాడు. పాస్టరు అయ్యగారు పాపం నెమ్మదస్తుడు. "లో ఓల్టేజీ అయ్యుంటుందమ్మా, బాధపడకు" అన్నారు.

నేను ఊరుకోవచ్చుగా. ప్రార్థన చేసి కూడా తగ్గని కోపం నాది. ఫోన్లో శ్రుతి చూపించే యాప్ తెరిచి, ఒక మెట్టు నొక్కి చూపించి, లేచి నిలబడి, "తప్పు నా పెట్టెది కాదండి. మీ అందరిదీ" అన్నాను.

వెనక బెంచీలోంచి అత్తయ్య లేచి, బైబిలు చంకలో పెట్టుకుని, బయటికి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి అసలు రికార్డింగు తీసి కొలిచాను. ఆ హార్మోనియంలో 'గ' పలికించే ఇత్తడి రేకు, అదే రీడు, ఉండాల్సిన దానికంటే కిందుంది. మరీ ఎక్కువేం కాదు, పక్క మెట్టుకుండే దూరంలో మూడో వంతు. ఇన్నేళ్ళూ ఏ పాటైనా అదే శ్రుతి, ప్రతి పాటలోనూ అదే 'గ'. ఊరు ఊరంతా దానికి అలవాటు పడిపోయింది. నేను తీసింది ఆకారం, శ్రుతిని సింథసైజర్ దిద్దేసింది. ఒక్క ఎక్స్‌పోర్ట్‌తో ముప్పై ఏళ్ళ పాటని సరిచేశాను, ఎవరూ అడక్కుండానే.

అత్తయ్య భోజనానికి కూర్చున్నారు. లాప్‌టాప్ ఎదురుగా పెట్టి అంకెలు చూపించాను.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నారు, ముద్ద కలుపుతూ. "నీ పెళ్ళికి చాలా ముందు అసలు రీడు విరిగితే, జగ్గయ్యపేటాయన వేరే పెట్టెది వేశాడు. తర్వాత వచ్చి సరిచేస్తా అన్నాడు. వచ్చేసరికి ఆర్నెల్లయింది. నేనే వద్దన్నా."

"ఎందుకండీ?"

"పప్పులో ఉప్పెక్కువైంది" అన్నారు.

నాకు సారీ చెప్పడం రాదు, చిన్నప్పట్నుంచీ అంతే. అందుకని సింథసైజర్లో ఒక్కో మెట్టు శ్రుతినీ విడిగా మార్చే చోటు తెరిచి, 'గ' మీద ఆవిడ వేలు పెట్టించాను. నేను తగ్గిస్తూ పోతుంటే ఆవిడ చెబుతూ పోయారు. "ఇంకా కిందికి. ఇంకా. ఊఁ, ఎక్కువైంది, పైకి. చాలు, ఆపు." ఆపి అంకె చూశాను. రికార్డింగులోని రీడు ఎక్కడుందో సరిగ్గా అక్కడుంది. నా యాప్‌ల మీద నాకు మొదటిసారి సిగ్గేసింది.

ఇంకో చిక్కు వచ్చింది. కుడిచేయి వాయిస్తుంటే ఆవిడ ఎడమచేయి గాల్లో లేని తిత్తిని ఊపుతోంది. ఆ చేతికి పని కావాలి. కీబోర్డు ఎడమపక్కనున్న చిన్న చక్రాన్ని నా అరవై నాలుగు అలలకి తగిలించాను. ముందుకి తోస్తే గాలి నిండినట్టు, వెనక్కి లాగితే తగ్గినట్టు. ఆవిడ రెండుసార్లు తోసి చూసి, "దీనికి అతుకక్కర్లేదు" అన్నారు. నాకు తెలిసి అది మెచ్చుకోలే.

తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రకటనలు చదివాక నేను లేచి, క్షమించమని అందర్నీ అడిగాను. "పర్లేదులేమ్మా, ఓల్టేజీ సరయిందా?" అన్నాడు స్టెబిలైజరాయన. అయిందన్నాను.

అత్తయ్య ముందుకొచ్చి కూర్చున్నారు. చక్రం తోసి, శ్రుతి పట్టి, కళ్ళు మూసుకున్నారు. ఇన్ని వారాలయింది కదా, ముందు గొంతు జీరగా వచ్చింది, ఆగింది. మళ్ళీ ఎత్తుకున్నారు, ఈసారి వచ్చింది. వెనకాల జనం అందుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉత్సాహం ఆపుకోలేక పాడుతున్నాను, నాకొచ్చిన సరైన శ్రుతిలో. 'గ' వచ్చింది. వందమంది ఒకచోట, నేనొక్కదాన్ని ఇంకోచోట.

అత్తయ్య వాయించడం ఆపలేదు, కళ్ళూ తెరవలేదు. రెండు చరణాల మధ్య నా వైపు కాస్త వంగి, నాకొక్కదానికే వినపడేలా అన్నారు.

"నువ్వొక్కదానివే పైన ఉండి ఏం చేస్తావమ్మా? కిందికి రా. అందరం ఇక్కడే ఉన్నాం."

మళ్ళీ 'గ' వచ్చింది. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివిన గొంతుతో, తెలిసి తెలిసి, తప్పు స్వరం పాడాను. అది ఎక్కడా గుచ్చుకోలేదు. అందరి గొంతుల్లో నా గొంతు నాకే వినపడకుండా పోయింది, ఏడుపొచ్చింది.