మాలతి వదిన కంచం

మా మాలతి వదిన మెడ మీద గడ్డలు లేచేనాటికి నేను హిందీవాళ్ళ మధ్యనున్న గుఢియారీ కాలనీలో, పుట్టింట్లో బాలింతని. కాలనీ అంతటికీ జాకెట్లు కుట్టే మనిషి, సాయంత్రమయ్యేసరికి జ్వరంతో మిషను మీదే తల వాల్చేసేది. వీధి చివర డాక్టరు మెడ నొక్కి చూసి, "టీబీ అయ్యుండొచ్చు" అన్నాడు. మా అమూల్యకి అప్పటికి పదిహేను రోజులు.

నాకు నోరెక్కువ. "పిల్ల దగ్గరికి రాకు వదినా" అని మొహం మీదే అనేశాను. వదిన తన పెళ్ళికి పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు కంచం తీసుకుని పెరటి వసారాలోకి మారిపోయింది. బారసాలకి ఉయ్యాల కట్టింది తనే, కానీ గుమ్మం బయటే నిలబడింది. తనకి పిల్లల్లేరు. అది తెలిసీ అన్నాను.

నెలలు గడిచినా ఎవరికీ ఏమీ తేలక, ఆఖరికి పెద్దాసుపత్రిలో గడ్డ ముక్క తీసి పరీక్షకి పంపారు. మా అన్నయ్య కొండలరావు రైల్వేలో ఫిట్టరు. రిపోర్టు పట్టుకుని, బుర్ర గోక్కుంటూ వచ్చాడు.

"టీబీ కాదట. కికుచి అనే జబ్బట. లాఖోంలో ఒకరికి వస్తాదట."

"మందేటి?" అన్నాను.

"దానికి మందక్కర్లేదట, దానంతటదే తగ్గిపోతాదట. లోపల థైరాయిడ్ కూడా వాచిందట. దానికి మాత్రం రోజూ పరగడుపున మాత్ర, జన్మంతా."

"కనబడే గడ్డకి మందు లేదు, కనబడని దానికి జన్మంతానా? ఇదేం చోద్యం!"

"నాకేటి తెలుసే! ఒక్కటి మాత్రం మూడుసార్లు అడిగాను. అంటుకోదట. ఎప్పుడూ అంటుకునేది కాదట."

సంతోషించాలో డాక్టర్ని తిట్టాలో తెలియక అమ్మ పొయ్యి మీద పాలు పొంగించేసింది. నేను వసారా వైపు చూడలేకపోయాను.

మధ్యాహ్నం వదిన మళ్ళీ ఆ కంచంలోనే పెట్టుకుని వసారాలో కూర్చుంది.

"లోపలికి రా వదినా. కాదన్నారుగా!"

"ఈవేళ కాదన్నారు. రేపు ఇంకో పేరు చెప్తే? నాకేం అర్థం కావట్లేదే. ఇక్కడే ఉండనీ."

ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి, కోపం నా మీదే. పిల్లని చంకనేసుకుని పక్కన చతికిలబడ్డాను. ఆవిడ కలుపుకున్న పప్పన్నంలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను.

"ఛీ, ఎంగిలే!" అంది వదిన, కళ్ళ నిండా నీళ్ళతో.

లేచి పంపు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ వచ్చి, పిల్ల వైపు చేతులు సగం చాపి ఆగిపోయింది.

"పిల్లకి మెడ నిలిచిందా?" అని అడిగింది, మూడు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి.