ఎడమచేతి బిగువు

2024 జూన్ 14, శుక్రవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. వరంగల్ కొత్తవాడలోని లేసు శిక్షణ గదిలో, యాభై రెండేళ్ల చిలుకమ్మ చేతిలో ఎంత లాగినా మూసుకోని దారపు వలయాన్ని శిక్షకురాలు విజయశ్రీ కత్తెరతో కోసి బల్ల కింద పడేసింది. ఆ ఉదయం కోసినవాటిలో అది నాలుగోది.

"గిది లేసా, బర్రెను కట్టే పలుపా? ఒంటిగంట కొట్టంగనే నీ పేరు కొట్టేస్త."

నియమం అందరికీ ఒకటే. అయిదో రోజు ఒంటిగంటలోగా ఇరవై నాలుగు ముడుల వలయం మూసి చూపినవారికే ఆ గదిలో పని. ఇంట్లో మగ్గం ఆగి రెండేళ్లయిన చిలుకమ్మకు వేరే పని దొరకలేదు. ఆమె చోటు కోసం విజయశ్రీ మరదలు ప్రేమలత గడప దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"వదినె, జల్ది తెంపు. నా నడుం గుంజుతాంది."

"కూసో బిడ్డా," అన్నది చిలుకమ్మ. "కుర్చీ నీదే. జాగ నాది."

ఈ లేసులో దారాన్ని ఎడమచేతి వేళ్ల చుట్టూ తిప్పి, దాని మీద కుడిచేతి షటిల్‌తో, అంటే దారం చుట్టిన చిన్న కండెతో, ముడి వేస్తారు. ముడి మొదట షటిల్ దారంతో ఏర్పడుతుంది. అప్పుడు ఎడమచేతిని వదులు చేసి షటిల్‌ను లాగితే, ముడి వేళ్ల మీది దారంలోకి మారి, షటిల్ దారం దాని లోపల జారుతుంది. మారకపోతే వలయం మూసుకోదు.

చిలుకమ్మ ముప్పై నాలుగేళ్లు మగ్గం మీద తెగిన పడుగు పోగులు అతికింది. అక్కడ రెండు చేతులూ ఒకేసారి బిగించాలి. ఆమె ఎడమచెయ్యి ఇక్కడా వదులు కాలేదు. వదలమని విజయశ్రీ అయిదు రోజుల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు.

11 గంటల 52 నిమిషాలకు విజయశ్రీ మరదలికి ముడి వేసి చూపుతోంది. చిలుకమ్మ మాటలు వినడం మాని ఆమె ఎడమ మధ్యవేలిని చూసింది. షటిల్‌ను లాగిన ప్రతిసారీ ఆ వేలు వంగి దారాన్ని వదులు చేస్తోంది.

"మేడం, నీ నోరొకటి చెప్తాంది, నీ వేలొకటి చేత్తాంది."

"నా వేలుతోని నీకేం పని? నీ ముడి చూసుకో."

"గదే చూసుకుంటాన."

చిలుకమ్మ కూడా అలాగే వేలు వంచి లాగుతూ పోయింది. 12 గంటల 41 నిమిషాలకు ఆమె వలయం మూసుకుంది. విజయశ్రీ దాన్ని నల్లగుడ్డ మీద గుచ్చి, ఒక్క ముడైనా తక్కువ తేలుతుందేమోనని సూదిమొనతో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి ప్రేమలత చేత పైకి లెక్కపెట్టించింది.

24.